వేదన చెప్పు మాట



శ్రీమన్నారాయణుని పాదములను గూర్చి నలువది యేండ్లు పాఠములు చెప్పితిని, పురాణములు చెప్పితిని. నా పాదములను గూర్చి ఒక్కనాడును తలచి యెరుగను. అవి యున్నవి, నడచుచున్నవి. అంతకు మించి వాటితో నాకు పని లేకుండెను. క్రిందటి ఆశ్వయుజ మాసమున ఒక వేకువజామున తిరువారాధనమునకు బిందెతో నీరు తోడుకొని నూతి గట్టు దిగుచుండగా పాచి పట్టిన రాతిపై కాలు జారినది. బిందె ఒక వైపునకు, నేనొక వైపునకు. కుడికాలి ముంగాలి యెముక మోకాలికిని చీలమండకును నడుమ రెండు తునకలైనది. ఆనాడు మొదలు నాకు వేరొక చదువు ఆరంభమైనది. ఆ చదువులో తెలిసికొన్నదానిని, అందు నేను చేసిన తప్పుతో సహా, మీకు విన్నవింపవలెనని తోచినది. కాలు విరిగినవారు లేని ఊరు లేదు. నడకను మరల నేర్చుకొను వృద్ధులు లేని వీథి లేదు.

మాది హసన్‌పర్తి. వరంగల్లునుండి కరీంనగరము పోవు దారిలోని ఊరు. నేడు హనుమకొండ జిల్లాలోనిది. చేరువనే ఎర్రగట్టు గుట్టపై వేంకటేశ్వరస్వామి వేంచేసియున్నాడు. ఏటేట ఫాల్గుణ పౌర్ణమి ప్రాంతమున అచట జాతర జరుగును. చిన్ననాటినుండి ఆ గుట్ట ఎక్కని ఫాల్గుణము నాకు లేదు. ఈ మాట ఇప్పుడే యేల చెప్పుచున్నానో ముందు తెలియగలదు.

వరంగల్లులో శస్త్రచికిత్స చేసి ఎముక లోపల లోహపు కడ్డీ అమర్చిరి. ఋగ్వేదము మొదటి మండలమున 116వ సూక్తములో విశ్పల యను ఆమె కాలు యుద్ధమున తెగిపోగా అశ్వినీదేవతలు ఇనుప జంఘ నమర్చిన ప్రస్తావము కలదు. ఆమెకు వెలుపల, నాకు లోపల. భేదమంతే యని మంచముపై పరుండి నవ్వుకొంటిని. ఇనుము పడినది గదా, ఇక రేపో మాపో నడవవచ్చునని నా ఊహ. వైద్యుడు నా ఊహను గ్రహించి, "కడ్డీ ఎముకను కదలకుండ పట్టియుంచును. అతికించునది మాత్రము కడ్డీ గాదు, మీ శరీరమే. దానికి కాలము కావలెను, కొలతగా నడక కావలెను" అని చెప్పెను.

తొలి రాత్రులను గూర్చి ఎక్కువ చెప్పను. అనుభవించినవారికి చెప్పనక్కరలేదు, అనుభవింపనివారికి చెప్పినను తెలియదు. ఒక్క సంగతి మాత్రము. మా ఓరుగల్లు సీమవారికి గజేంద్రమోక్షము ఇంటి కథ వంటిది; పోతనామాత్యుని బమ్మెర మాకు దూరపు ఊరు గాదు. మొసలి కాలు పట్టగా గజేంద్రుడు వేయి యేండ్లు పెనుగులాడెనని ఎన్ని మారులు చెప్పియుంటినో! ఆ వేయి అను సంఖ్యను ఏనాడును లెక్కించి చూడలేదు. రాత్రి రెండు గంటల వేళ, కాలు మొసలి నోట నున్నట్లు లాగుచుండగా, తెల్లవారుట ఇంకెంత సేపో అని గోడ గడియారమును చూచుచు, ఆ సంఖ్యను లెక్కించితిని. హరి వచ్చి గజేంద్రుని మడుగునుండి వెలికి దీసి మెల్లగా చేత నిమిరినట్లు పోతన వర్ణించినాడు. ఆ నిమురుటను గూర్చి నేను వ్యాఖ్యానములలో త్వరత్వరగా దాటిపోవుచుండెడివాడను. ఇకమీద దాటను. మొసలి వదలిన పిదప ఏనుగు ఎట్లు నడిచినదో మాత్రము ఏ కవియు చెప్పలేదు. దానికి భగవంతుని సారూప్యమే లభించెను గనుక నడక నేర్వవలసిన అగత్యము కలుగలేదు. మన వంటివారికి మొసలి వదలిన పిదపనే అసలు పని.

ఆ పని నేర్పుటకు ఫిజియోథెరపీ చేయు ఒక యువతి మా యింటికి వచ్చినది. మా చిన్నమ్మాయికంటె చిన్నది. వచ్చీరాగానే, "అయ్యగారూ, నొప్పి పదింటిలో ఎంత?" అని అడిగినది.

"నొప్పికి కొలత యేమమ్మా, ఇదేమైన బియ్యమా?" అంటిని.

"బియ్యమైతే నేనే కొలుస్త అయ్యగారూ. నొప్పి మీది, మీరే చెప్పాలె."

నేను నిరుత్తరుడనైతిని. తర్కము చదివినవాడను, సుఖదుఃఖములు ఎవరివి వారికే ప్రత్యక్షములని పిల్లలకు పాఠము చెప్పినవాడను. ఆ పిల్ల నా పాఠమును నాకే అప్పగించినది. ఆనాడు ఆరు అంటిని. ఆమె ఒక పుస్తకములో వ్రాసికొన్నది. ఆ రాత్రి ఆ సంభాషణమునే తలపోయుచుండగా ఒక పదము నన్ను పట్టుకొన్నది. వేదన. విద్ ధాతువునకు యుచ్ ప్రత్యయము చేరగా పుట్టిన శబ్దమిది. విద్ అనగా ఎరుగుట. వేదమునకును విద్యకును ఏ ధాతువు మూలమో, వేదనకును అదియే మూలము. అనగా ఎరుక యని తొలి యర్థము, బాధ యని పిదపటి యర్థము. మన పెద్దలు నొప్పికి పెట్టిన పేరులోనే అది ఏదో తెలుపుటకు వచ్చినదను సూచన యున్నది. నలువది యేండ్లు ఈ వ్యుత్పత్తిని చెప్పితిని గాని, కాలు విరిగినగాని అది నా చెవికెక్కలేదు.

నొప్పి ఏమి తెలుపును? ఆ యువతి ఆరు వారములలో నాకు నేర్పినది ఇదియే. అన్ని నొప్పులును ఒకటి గావు. బిగిసిన మోకాలిని వంచునపుడు, చీలమండను పైకిని క్రిందికిని ఆడించునపుడు, బరువు మోపుటకు మొదలిడిన దినములలో, కండరము లాగినట్లుండు నొప్పి ఒకటి. అది పని చేయుచున్నప్పుడు పెరిగి, విశ్రమింపగా కొంతసేపటికి తగ్గి తొంటి స్థితికి వచ్చును. దానికి భయపడి ఆగిపోయినచో కీలు మరింత బిగియును, తొడ కండ సన్నగిల్లును, నొప్పి పెరుగునే గాని తరుగదు. రెండవది రేపు ఉదయమునకును దిగని నొప్పి. నిన్నటికంటె వాపు హెచ్చి, రాత్రి నిద్ర పట్టనీయక, పదింటిలో నాలుగు ఉండవలసినది ఏడైనచో, నిన్న మితము తప్పితివని అది చెప్పుచున్నది. అప్పుడు నడక మానవలదు, తగ్గింపవలెను. కాలు ఎత్తుగా దిండుపై నుంచవలెను. మంచు గడ్డను గుడ్డలో చుట్టి పావుగంట అదుమవలెను. మా నాయనమ్మ కాలమున దేనికైనను ఇటుక కాచి కాపడము పెట్టుటయే. వాచిన కాలికి నేను అదియే పెట్టబోగా ఆ పిల్ల చేయి పట్టి ఆపినది.

మూడవ తెగ నొప్పి కలదు. దానిని ఎవ్వరును ఓర్చుకొనరాదు. విరిగిన చోటనే అడుగడుగునకు సూదివలె గ్రుచ్చు నొప్పి. పిక్క గట్టిపడి, వెచ్చనై, వాచి నొచ్చుట. పాదము తిమ్మిరెక్కి చల్లబడుట. కుట్లవద్ద చీము, దానితో జ్వరము. వీనిలో ఏది కనబడినను ఆ దినముననే వైద్యుని చూడవలెను. పిక్కలో నెత్తురు గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు పోవుట కలదు; హఠాత్తుగా ఆయాసము గాని రొమ్మునొప్పి గాని వచ్చినచో దినము గాదు, గడియ గూడ ఆగరాదు. మహాలక్ష్మి దయవలన నాకు ఆ అవస్థ రాలేదు.

ఈ మాటలన్నియు నేటి కాలపు మాటలని తలపవలదు. సుశ్రుతసంహితలో నిదానస్థానము 15వ అధ్యాయము ఎముకలు విరుగు విధములను, చికిత్సాస్థానము 3వ అధ్యాయము వాటి చికిత్సను చెప్పుచున్నవి. మంచముపై నున్న దినములలో వాటిని మరల చదివితిని. కీలు తప్పుట ఆరు విధములు, ఎముక విరుగుట పండ్రెండు విధములు. కట్టు సడలియున్నచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగిసినచో చర్మము వాచి, నొచ్చి, పక్వమగుననియు, కావున సమముగ కట్టవలెననియు ఆచార్యుని ఆదేశము. తిరుపతి యాత్రికులకు పుత్తూరు కట్టు తెలియును. ఎక్కడ కట్టు కట్టించుకొన్నను ఈ ఒక్క వాక్యార్థము మరువకుడు. వ్రేళ్ళు నల్లబడుచున్నను కట్టు విప్పరాదని పట్టుబట్టినవారిని నేనెరుగుదును. కట్టు మార్చుటకు చలికాలమున ఏడు దినములు, సమశీతోష్ణ కాలమున అయిదు, ఎండకాలమున మూడు అని లెక్క. పిక్క గాని తొడ గాని విరిగినవారిని పలకపై పరుండబెట్టి, కాలు కదలకుండ అయిదు మేకులు నాటవలెనని విధానము. బాల్యమున నెల దినములలో అతుకు కుదురును, నడివయస్సున రెండు నెలలు, వార్ధకమున మూడు నెలలు. నా వైద్యునకు ఇది చెప్పగా ఆయన నవ్వి, "మూడు నెలలు కనీసపు లెక్క పంతులుగారూ, ముంగాలి ఎముకకు కొందరికి ఆరు నెలలు పట్టును" అనెను.

ఆ అధ్యాయములో నన్ను ఆపివేసిన సంగతి వేరొకటి. అరచేయి విరిగి అతికినవానికి బలము వచ్చుటకు ఏమి చేయవలెను? మొదట మట్టిముద్దను పట్టించవలెను. పిమ్మట ఉప్పుగడ్డను పట్టించవలెను. చేతికి బలము వచ్చిన పిదప రాతిని పట్టించవలెను. అంతే చెప్పి ఆచార్యుడు ముందునకు సాగిపోయెను. నేను సాగిపోలేకపోతిని. మట్టి, ఉప్పు, రాయి. వాకరు పట్టుకొని కాలు నేలకు తాకించుట నాకు మట్టిముద్ద. సగము బరువు మోపుట ఉప్పుగడ్డ. పూర్తి బరువు మోపి చేతికర్రతో నడచుట రాయి. ఉప్పుగడ్డ పట్టవలసిన దినమున రాతిని పట్టినవాని గతి యేమి? దానికి ఉదాహరణము దూరమున వెదకనక్కరలేదు.

ధనుర్మాసము వచ్చినది. వైద్యుడు సగము బరువు మోపవచ్చునని చెప్పియుండెను. ఇంటిలో దినమునకు నాలుగు మారులు, మారునకు పది నిమిషములు నడచుచుంటిని. నొప్పి మూడునకు దిగినది. ముక్కోటి ఏకాదశినాడు ఆటోలో ఆలయమునకు పోయితిని. నన్ను చూచి జనులు దారి యిచ్చిరి. "పంతులుగారు వచ్చినారు" అని ఒకరికొకరు చెప్పుకొనిరి. ఆ మాట నా తలకెక్కినది. వాకరును ధ్వజస్తంభమువద్ద విడిచి, మనుమని భుజముపై ఒక చేయి వేసి ప్రదక్షిణమునకు బయలుదేరితిని. మూడవ ప్రదక్షిణమునకు నొప్పి అయిదైనది. అయిదవదానికి మనుమడు, "తాతా, చాలు" అన్నాడు. "స్వామి సన్నిధిలో నొప్పి యేమిరా" అని గద్దించి పదునొకండును పూర్తి చేసితిని. ఆనాడు నేను సేవించినది స్వామినా, నన్ను చూచుచున్న కన్నులనా? ఆ రాత్రికి కాలు దిమ్మెవలె వాచినది. ఫోటో తీయించగా ఎముక చెదరలేదని తేలినది గాని, పదునారు దినములు నడక వెనుకకు పోయినది. ఉప్పుగడ్డనుండి మరల మట్టిముద్దకు.

ఆ పదునారు దినములలో గీత పదునేడవ అధ్యాయమును చదివితిని. శాస్త్రము చెప్పనిదియు, దంభాహంకారములతో కూడినదియునగు తపస్సుచే శరీరమును, అందు వసించు తన్నును భగవంతుడు పీడగా ఎంచి, అట్టివారిని ఆసుర నిశ్చయులలో చేర్చినాడు. ఆ శ్లోకములకు ఇతరులను ఉదాహరణముగా చూపుటకు అలవాటు పడినవాడను. పదునెనిమిదవ అధ్యాయములో మొదట విషమువలె నుండి, పరిణామమున అమృతతుల్యమగు సుఖమును సాత్త్వికమని చెప్పినాడు. నడక నేర్చుట యనగా సరిగ ఇదియే. తొలి అడుగు విషము. అయితే విషమువలె నున్నదంతయు అమృతము కాజాలదు! ఈ రెండు అధ్యాయములను కలిపి చదువవలెను. మొదటిదానిని విడిచినవాడు నావలె ప్రదక్షిణములు చేయును. రెండవదానిని విడిచినవాడు మంచము దిగడు.

తితిక్ష యను మాటను గూర్చియు మనలో ఒక పొరపాటు కలదు. శీతోష్ణములు, సుఖదుఃఖములు వచ్చిపోవునవి, వాటిని ఓర్చుకొనుమని అర్జునునకు ఉపదేశించినాడు. ఓర్చుకొనుట యనగా లేదనుట గాదు. లేనిదానిని ఓర్చుకొనువాడెవడు? నొప్పి యున్నదని ఒప్పుకొని, దాని కొలత తెలిసి, దానితో కూడ నేడు చేయవలసిన పది అడుగులు వేయుట తితిక్ష. తిరుమల అలిపిరి కాలిబాటలో మోకాళ్ళ పర్వతము కలదు. భగవద్రామానుజులు ఆ కొండను పాదములతో త్రొక్కజాలక మోకాళ్ళపై ఎక్కిరని సంప్రదాయము. అచట వారి సన్నిధియు కలదు. ఆ మహనీయుడు అట్లు చేసినది కొండ మీది గౌరవముచేత. నొప్పిని జయించితినని చూపుటకు గాదు. కాలు విరిగి ఏడాది తిరుగని వారు, "మెట్లన్నియు నడిచి ఎక్కుదును స్వామీ, కాలు బాగు చేయుము" అని మ్రొక్కుకొనుట విందును. దాదాపు 3,550 మెట్లు. ఆ మ్రొక్కును స్వామి అడుగలేదు. బాగుపడిన పిదప వైద్యుడు సరే యన్నచో ఎక్కవచ్చును. ఎక్కకున్నను ఆయన అలుగడు.

మందు మాటకు వచ్చెదను. వైద్యుడు నొప్పికి మాత్రలు వ్రాసియిచ్చెను. వ్యాయామమునకు ముప్పావుగంట ముందుగా ఒకటి మ్రింగవలెనని ఆ యువతి చెప్పినది. అప్పుడు నొప్పి నడకకు అడ్డు రాదు, నడక నొప్పిని తగ్గించును. నేను మ్రింగుచుండగా చూచి నా బాల్యమిత్రుడు, గొప్ప భాగవతుడు, "కూరత్తాళ్వారు కన్నులు పోయినను ఓర్చుకొనెను. నీవు ఈ కొంచెపు నొప్పికి మాత్రలా?" అనెను. మాట గ్రుచ్చుకొన్నది. రెండు దినములు మాత్ర మానితిని, నడకయు మానితిని. పిదప గురుపరంపరా కథ తుదివరకు గుర్తు చేసికొంటిని. కూరత్తాళ్వారును వరదరాజ సన్నిధికి పోయి కన్నులు యాచింపుమని ఆజ్ఞాపించినవారు ఎవరు? సాక్షాత్తు రామానుజులే. శిష్యుడు వేరొకటి యాచించుట ఆయన మహిమ. యాచింపుమనుట ఆచార్యుని దయ. ఓర్చుకొనుట మన పాలిటిది గావచ్చును గాని, ఇతరుని "ఓర్చుకో" అనుట మన పాలిటిది గాదు. ఈ మాట మిత్రునకు చెప్పితిని. ఆయనకు ఇప్పటికిని సమ్మతము గాదు.

వాతరోగముతో పీడితుడై గురువాయూరు చేరిన నారాయణ భట్టతిరి, నారాయణీయమను స్తోత్రమును నూరు దశకములుగా రచించెను. దశకముల తుదలందు మరల మరల ఆయన అడిగినదేమి? రోగము పోగొట్టుమని. వేదాంతమంతయు తెలిసిన విద్వాంసుడు సిగ్గుపడక అడిగినాడు. స్వామియు విసుగుకొనలేదు. ఇక మన ఆలయములలో వైద్యమునకు చోటు లేదనుకొనువారికి తిరుముక్కూడల్ శాసనము సమాధానము. పాలారు మొదలగు మూడు నదులు కలియు ఆ స్థలమున వేంకటేశ పెరుమాళ్ళ ఆలయము కలదు. క్రీ.శ. 1069 ప్రాంతమున వీరరాజేంద్ర చోళుని కాలమున అచట చెక్కిన శాసనములో ఆలయమునకు చేరిన వైద్యశాల వివరము కలదు: పదునైదు పడకలు, ఒక వైద్యుడు, శస్త్రము చేయువాడొకడు, మూలికలు తెచ్చువారు, రోగులకు పరిచర్య చేయు స్త్రీలు, ఏటికి నిలువ చేయవలసిన ఔషధముల పట్టిక. తీర్థము ఇచ్చు చోటనే తైలమును ఇచ్చిరి. నేటికిని తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళు చెడినవారికి చికిత్స చేయుచునే యున్నది.

అయితే మందు వాడుటకును హద్దు కలదు. వ్రాసిన మాత్రను వ్రాసినంత. అంగడిలో అడిగి తెచ్చుకొన్న ఘాటైన నొప్పి మాత్రలు దినదినము మ్రింగి కడుపు పుండు చేసికొన్నవారు, మూత్రపిండములు చెడిపోయినవారు కలరు. మధుమేహము, రక్తపుపోటు కలవారు మరింత జాగ్రత్తపడవలెను. మాత్ర మ్రింగి నొప్పి తెలియకున్నది గదా యని రెండింతలు నడచుటయు తప్పే. చెప్పువాని నోరు మూసి, అతడేమియు చెప్పలేదనుకొనుట వంటిది అది.

వాకరు పోయి చేతికర్ర వచ్చిన దినమున నాకు సంతోషమునకు మారు సిగ్గు కలిగినది. కర్ర పట్టిన ముసలివాడనైతినే యని. ఆ యువతి, కర్ర నొచ్చిన వైపున గాదు, మంచికాలి వైపు చేత పట్టవలెనని చూపినది. కర్రయు నొచ్చిన కాలును కలిసి ముందునకు పోవలెను. ఆ సాయంత్రము మనవారి కథ యొకటి గుర్తునకు వచ్చినది. రామానుజులు వృద్ధాప్యమున కావేరీ స్నానమునకు పోవునపుడు ముదలియాండాన్ చేయి ఊతగా గొనెడివారు. స్నానమై తిరిగి వచ్చునపుడు ఉరంగావిల్లి దాసు చేయి గొనెడివారు. మొదటివాడు బ్రాహ్మణుడు, రెండవవాడు ఉరైయూరి మల్లుడు. స్నానమైన పిదప అతనిని తాకుటయేమని లోకులు అడిగిరనియు, దానికి రామానుజులు చెప్పిన సమాధానమును మీరెరుగుదురు. భాగవతులలో కులభేదము లేదనుటకు ఈ కథను చెప్పుకొందుము, అది నిజమే. కాని మరొకటి మనము గమనింపలేదు. అంతటి యతిసార్వభౌముడు ఊత లేక నడువవలెనని పట్టుబట్టలేదు. పోవునప్పుడును వచ్చునప్పుడును ఒకరి చేయి పట్టెను. ముదలియాండాను రామానుజుల త్రిదండమని పిలుచుట మన సంప్రదాయము. ఊతకర్రకు ఇంతకంటె గౌరవము ఏమి కావలెను?

మెట్ల సంగతి చెప్పి తీరవలెను, యాత్రికులకు పనికివచ్చును. ఎక్కునప్పుడు మంచికాలు ముందు. దిగునప్పుడు నొచ్చిన కాలు, కర్ర ముందు. సూత్రము చిన్నది, గాని నాకు ధర్మసంకటము తెచ్చిపెట్టినది. సన్నిధిలోనికి కుడికాలు ముందు పెట్టి ప్రవేశించుట నా పెద్దల ఆచారము. నాకు విరిగినది కుడికాలే! ఆచారమును పట్టి ఆ కాలితో గడప ఎక్కబోయి తూలితిని. అర్చకస్వామి పట్టుకొనకున్నచో మరల మొదటికి వచ్చెడివాడను. అప్పటినుండి మనస్సులో కుడికాలు పెట్టి ఎడమకాలితో ఎక్కుచున్నాను. కుడిదో ఎడమదో చూచుటకు స్వామి తలుపు చాటున నిలుచుండడని నా నమ్మకము.

మా వీథి చివర ఒక వృద్ధురాలు కలదు. మగ్గపు గుంతలో కాళ్ళాడించి ముగ్గురు బిడ్డలను పెంచినది. నాకంటె పది దినములు ముందు ఆమెకు తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినది. మరునాడే నిలబెట్టవలెనని వైద్యులు చెప్పిరట, నిలబెట్టబోగా కేకపెట్టినది. అంతటితో ఇంటివారు దయదలచి మంచముననే అన్నము, మంచముననే అన్నియు. మూడు నెలలు గడచినవి. దగ్గు పట్టుకొన్నది, వీపున ఎర్రగా కమిలినది, కాళ్ళు పుల్లలైనవి. నా పదునారు దినముల శిక్ష ముగిసిన పిదప ఒక సాయంత్రము వాకరుతో మెల్లగా ఆ యింటికి పోయితిని.

ఆమె నా వాకరును, నా కాలిని చూచి, "నొయ్యదా అయ్యగారూ?" అన్నది.

పౌరాణికుని నోట అప్పుడు ఎన్నియో మాటలు రావచ్చును. ఇంటివారందరును ఆమెకు, "లే అవ్వా, నొప్పి ఉండదు" అని చెప్పుచునే యున్నారట. నొప్పి ఉన్నది గనుక ఆమె ఎవ్వరిని నమ్మలేదు.

"నొస్తుందమ్మా. నాకు ఇప్పుడు నాలుగు ఉన్నది, పదింటిలో. లేచిననాడు ఏడు ఉండె" అంటిని.

ఆమె చాలసేపు ఊరకుండెను. "మరి నాకెంత ఉంటదో" అన్నది.

మరునాడు ఆమె కొడుకు ఆమెను తిరిగి వైద్యునికి చూపించెను. ఎముక అతికినదని, నిలువవచ్చునని చెప్పి, నొప్పికి మాత్ర వ్రాసిరి. మా యింటికి వచ్చు యువతియే ఆమె యింటికిని పోవుట మొదలిడినది. మొదటి దినము మంచపు అంచున కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండుట, అంతే. కన్నీరు కార్చినది గాని కేకపెట్టలేదు. నాలుగవ దినమున నిలిచినది. ఎంతసేపు నిలువవలెనో గడియారము చూడ రాదామెకు. కేశవాది ద్వాదశ నామములు చెప్పునంతసేపు అంటిని. "అన్ని పేర్లు నాకు రావు, గోవిందా అంట" అన్నది. పండ్రెండు గోవిందలు నిలిచినది. పదియవ దినమునకు గోవిందకు ఒక అడుగు చొప్పున నాలుగు అడుగులు. నొప్పి ఎంత అని ఆ యువతి అడుగగా, "ఎనిమిది. నిన్న తొమ్మిది" అని వ్రేళ్ళు మడచి చూపినది. ఆమె దగ్గు తగ్గినది. నా పదునొకండు ప్రదక్షిణములను గూర్చి ఆమెకు చెప్పితిని. కడుపుబ్బ నవ్వినది.

ఫాల్గుణము వచ్చినది. జాతర దినములలో గుట్ట మీదికి పోవలెనని నా మనస్సు పీకుచునే యున్నది. వైద్యుని అడిగితిని. "మెట్లు ఎక్కవచ్చును. ఎన్ని యనునది మీ కాలు చెప్పును, మీరు గాదు" అనెను. జనసమ్మర్దము లేని వేకువన మనుమనితో పోయితిని. కర్ర ఎడమచేత, మనుమని భుజము కుడిచేత. పదునొకండవ మెట్టువద్ద నొప్పి నాలుగు దాటినది. అచటనే కూర్చుంటిని. కొబ్బరికాయను, తులసిమాలను మనుమనికిచ్చి పైకి పంపితిని. అరవై యేండ్లలో గుట్టను క్రిందినుండి అంతసేపు చూచుట అదియే మొదటిసారి. పైన గంట మ్రోగినది, ఎక్కువారు గోవింద కొట్టుచు ప్రక్కనుండి పోవుచుండిరి, ఒకరిద్దరు నన్ను చూచి "ఎందుకు కూర్చున్నరు పంతులుగారూ?" అని అడిగిరి. కాలు నొచ్చుచున్నదని చెప్పితిని. మనుమడు చిన్న చెంబులో తీర్థము, ఆకులో పులిహోర తెచ్చినాడు.

తిరిగి వచ్చుచు వీథి చివరి యింటివద్ద ఆగితిని. నా గొంతు విని ఆమె లోపలినుండి వాకరు తోసికొనుచు గడపదాక వచ్చినది. ఎన్ని గోవిందలో నేను లెక్కింపలేదు. ఆకును చాచితిని. ప్రసాదమును రెండు చేతుల పట్టవలెనను అలవాటు చొప్పున ఆమె వాకరును విడువబోయినది.

"వద్దమ్మా, ఒక చేయి చాలు" అంటిని.